అరవై ముగ్గురు

వ్యాసం సోమవారం రాత్రి వచ్చింది.
తేలుకాటు, పిల్లలు, గుండె:
మూడు మాటలూ నాకు పాత చుట్టాలే.
యంత్రం చదివి చెప్పింది,
పోలిక పదకొండు శాతం, పర్వాలేదు, పంపించండి.

పర్వాలేదు గానీ
నాలుగో పేజీలో ఒకచోట
పిల్లలకి 'గుండె నిరాశ' వచ్చిందని ఉంది.
ముప్ఫై ఏళ్ళుగా నా మెడలో స్టెతస్కోపు.
ఆగిపోయే గుండెల్ని విన్నాను,
నీళ్ళు నిండిన ఊపిరితిత్తుల్ని విన్నాను.
నిరాశపడ్డ గుండెని
మంచం పక్కన నేలమీద కూచున్న తల్లుల దగ్గర తప్ప
ఎక్కడా వినలేదు.
వైఫల్యం అన్న మాటకి ఎవరో
చొక్కా మార్చి, తల దువ్వి
మళ్ళీ నా గుమ్మంలోకే తోలారు.

ఒక్కో చొక్కా విప్పుతూ పోయాను.
ఆ వాక్యాల వీపు మీద నా పుట్టుమచ్చ.

విద్యానగర్‌లో అర్ధరాత్రి స్టూలెక్కి
అటక మీంచి నా థీసిస్ దించాను.
కోఠీలో జహంగీర్ భాయ్ బైండు చేసిన మెరూన్ అట్ట,
బంగారు అక్షరాల్లో నా పేరు,
అందులో ఒక అక్షరం ఎక్కువ.

శీర్షికలో అరవై ముగ్గురు పిల్లలు.
పట్టిక కూడితే అరవై ఒక్కరు.
డాక్టర్ సాత్యకి వ్యాసంలోనూ,
ఇరవై మూడేళ్ళ తర్వాత, వేరే ఆసుపత్రి, వేరే తేళ్ళు,
అరవై ముగ్గురు. అరవై ఒక్కరు.
మాటలన్నిటికీ చొక్కాలు మార్చినవాడు
లెక్క మాత్రం కూడి చూసుకోలేదు.

ఉత్తరం మొదలుపెట్టాను.
'మీ కేసు రిజిస్టరు పద్నాలుగు రోజుల్లోగా...'
అక్కడ ఆగింది చెయ్యి.
దొంగతనానికి సాక్షులు ఆ ఇద్దరే.
ఆ ఇద్దరూ ఎవరని ఎవరైనా అడిగితే?
దొంగకి తేలు కుట్టినట్టు అంటారు.
ఈసారి కుట్టింది ఇల్లుగలదాన్ని.

పదకొండో మంచం కమ్లి, ఆరేళ్ళు, పరిగి అవతల తండా.
నాలుగో గంటలో వాళ్ళ నాన్న
దుప్పటితో సహా భుజానేసుకుని వెళ్ళిపోయాడు,
మంత్రం వేసేవాడు తెల్లారేలోపే ఉంటాడని.
పదిహేడో మంచం అంజిలప్ప, నాలుగేళ్ళు.
తాండూరు నాపరాళ్ళ సందులో కుట్టింది.
కూలి పోతుందని తల్లి
మెహిదీపట్నంలో మొదటి బస్సు ఎక్కేసింది.

'మధ్యలో పోయినవాళ్ళు మన లెక్కలోకి రారమ్మా, తీసెయ్'
అన్నారు మా సారు.
తీసేశాను.
రబ్బరుతో పెన్సిలు గీత తుడిచినంత సేపు పట్టింది.
శీర్షిక అప్పటికే బంగారం ఎక్కింది.
'మళ్ళ కొట్టాలంటే రెండొందల యాభై అయితది మేడమ్'
అన్నాడు జహంగీర్ భాయ్.
నా దగ్గర బస్‌పాసు ఉంది.

ఆ రాత్రి ఉత్తరాలు రెండయ్యాయి.

గురువారం ఫోను.
'మేడమ్, ప్రమోషనుకి మూడు వ్యాసాలు కావాలి.
ఏజెంటు రాసిచ్చాడు. నేను సరిగా చదవనుకూడా లేదు.'
చదవలేదని తెలుస్తూనే ఉంది, అనలేదు.
'మీ వార్డులో తేలు కుట్టిన పిల్లల్ని
ఎవర్నైనా చూశారా సాత్యకీ?'
చాలాసేపు అటువైపు ఫ్యాను చప్పుడు.
'ఒక బాబు. నేనే చూశాను. బతికాడు.'
'వాడి గురించి రాయండి. ఒక్కడు చాలు.'

ఈ వ్యాసం మాత్రం వెనక్కి పోయింది.
వాళ్ళ ప్రిన్సిపాలుకి కాగితం కూడా పోయింది,
జాలి ఒకవైపు, నియమం ఒకవైపు
నా బల్ల మీద రాత్రంతా పోట్లాడుకున్నాకే.

రెండో ఉత్తరం
నా వ్యాసం అచ్చువేసిన పాత పత్రికకి.
సంపాదకులు అడిగారు,
ఇన్నేళ్ళకి ఇది ఎవరు చూస్తారండీ అని.
చూశారు, అన్నాను. చూసి రాసుకున్నారు కూడా.

వచ్చే సంచికలో, చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో:
సవరణ. పట్టికలో ఇద్దరు పిల్లలు లేరు.
వాళ్ళు మా వార్డు నుంచి వెళ్ళిపోయారు.
తర్వాత ఏమయిందో
రచయిత్రి కనుక్కోలేదు.